నంది ఎడమ చెవి

ముప్పయ్యేళ్లుగా రాయి చెక్కుతున్న మద్దిలేటిని నంది కావాలని అడిగినవాళ్లు వందమంది ఉంటారు గానీ, చెవి విరిగిన నంది కావాలని అడిగిన మనిషి మాత్రం ఆ సోమవారం పొద్దున వచ్చిన షాలిని ఒక్కతే. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన వరసగా ఉన్న శిల్పుల షెడ్లలో దేని ముందూ ఆగకుండా ఆమె కారు నేరుగా మద్దిలేటి షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ముందు సీట్లోంచి దినేశ్ దిగాడు. దినేశ్‌కు నంద్యాలలో టైల్సు, గ్రానైటు దుకాణం ఉంది. అతను ఏ పని తెచ్చినా సగమే చెబుతాడని, మిగతా సగం రాయి మీద ఉలి పెట్టాక బయటపడుతుందని మద్దిలేటికి అనుభవమే. అందుకే నమస్కారం పెడుతూనే అనుమానం కూడా పెట్టుకున్నాడు.

షాలిని ప్లాస్టిక్ కుర్చీ తుడుచుకుని కూచుని, చేతిలోని ట్యాబు తిప్పి చూపించింది. హైదరాబాదులో వాళ్ల కంపెనీ లేపుతున్న గాజు మేడ. అరవై అంతస్తులు. సగం దాకా హోటలు, ఆ పైన ఇళ్లు, అంతస్తుకు ఒక్కటే ఇల్లు, ఇంటింటికీ ఒక ఈతకొలను.

"అంత ఎత్తులో నీళ్లెట్ల ఎక్కుతాయి మేడం?" అన్నాడు మహబూబ్. అతను మద్దిలేటి దగ్గర పాలిష్ పని చేస్తాడు. వాళ్ల నాయన మద్దిలేటి నాయన దగ్గర అదే పని చేశాడు.

ఆమె నవ్వి మేడ బొమ్మ నడుమ వేలు పెట్టింది. ముప్పయ్యో అంతస్తులో హోటలుకు వచ్చినవాళ్లు కూచునే హాలు ఉంటుందట, అందులో నంది ఉండాలట. కవర్లోంచి పెద్ద ఫోటోలు తీసి రాతిపొడి మీదే పరిచింది. మూడడుగుల నల్లరాతి నంది. మెడలో మువ్వల పట్టెడ, ఒరిగిన మూపురం. ఎడమ చెవి సగానికి విరిగిపోయి ఉంది.

"బాగుండాదమ్మా. నిండు చెవులతో చేసిస్తాం," అన్నాడు మద్దిలేటి.

"కాదు మద్దిలేటిగారూ. అచ్చం ఇలాగే కావాలి. చెవి ఇంతే ఉండాలి. వీపు మీద చేతులతో నిమిరి నిమిరి అరిగిన నునుపు ఉంది చూడండి, అది కూడా. తోక దగ్గర ఈ గీత కూడా."

"విరిగింది ఎవరన్నా చెక్కుతారా?"

"చెక్కిన తర్వాత విరిచేది," అన్నాడు దినేశ్ తేలిగ్గా. "నీ చేతిలో పనే గదప్పా."

మద్దిలేటి తలెత్తి షెడ్డు మీద బోర్డు వైపు చూశాడు. 'శిల్పి కొండయ్య' అని దాని మీద వాళ్ల నాయన పేరు. ఆయన పోయి పదకొండేళ్లయింది. పగిలిన రాయి మన షెడ్డులోకి రాకూడదని ఆయన పట్టు. ముక్కు చిట్లిన హనుమంతుణ్ణి అతికించమని ఎవరు బతిమాలినా దండం పెట్టి పంపేసేవాడు. కాదనే మాట మద్దిలేటి నోటిదాకా వచ్చింది. కానీ రెండు నెలలుగా షెడ్డులో పెద్ద పని లేదు. సగం చెక్కి ఆపిన నంది ఒకటి, ఇంచుమించు అదే కొలత, మూలన గోనెపట్టా కింద పడి ఉంది.

సరేనన్నాడు.

కారు వెళ్లిపోయాక మహబూబ్ ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని బోర్లించి పెట్టి మిషన్ దగ్గరికి పోయాడు.

"ఏందీ, యాడన్నా చూసినావా దీన్ని?" అడిగాడు మద్దిలేటి.

"నందులన్నీ ఒకే తీరుంటాయిలేన్నా."

వేలితో తడిమి రాయి ఏ క్వారీదో చెప్పే మనిషి ఆ మాటంటే మద్దిలేటికి వింతగా అనిపించింది.

మంగళవారం పని మొదలైంది. మద్దిలేటి గోనెపట్టా తీసి, రాయిని కడిగి, ఫోటోలోని కొలతల ప్రకారం సుద్దతో గీతలు గీశాడు. గంగడోలు మడతలు ముందు మిషన్‌తో కోసి, తర్వాత చిన్న ఉలితో దిద్దుకుంటూ వచ్చాడు. చెవులు రెండూ మొద్దుగా వదిలేశాడు. ఎడమ చెవి దగ్గరికి ఉలి పోయినప్పుడల్లా ఏదో ఒక పని గుర్తొచ్చి లేచిపోతున్నాడు. మహబూబ్ మామూలుగా వాగుడుకాయ. పొద్దున్నుంచి నోరు తెరవలేదు.

బుధవారం మహబూబ్ రాలేదు. భార్య గౌసియాకు జ్వరమని ఫోన్ చేశాడు. మధ్యాహ్నం మద్దిలేటి బజారుకు పోతే గౌసియా కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుకుంటూ కనబడింది, నవ్వుతూ పలకరించింది కూడా. మద్దిలేటి ఆమెను ఏమీ అడగలేదు. ఆ రోజంతా ఉలి దెబ్బ ఒకటి పడాల్సిన చోట పడితే రెండోది పక్కన పడింది. గురువారం మహబూబ్ వచ్చి "తగ్గింది" అన్నాడు. మద్దిలేటి "మంచిది" అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పని చేశారు.

ఆ పొద్దున టీకొట్టు దగ్గర పేపరు మొదటి పేజీ నిండా గాజు మేడ బొమ్మ. కింద పెద్ద అక్షరాలు: 'ఐదు వందల ఏళ్ల నాటి నంది మీకు స్వాగతం పలుకుతుంది.'

మద్దిలేటి టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఆ వాక్యం రెండోసారి చదివాడు. ఐదు వందల ఏళ్ల నంది హోటలుకు పోతుందట. మరి తను చెక్కేది? తన నందికి ఇంకా మొహమే పూర్తికాలేదు. హోటలుకు పాత నంది పోతే, చెవి విరిగిన ఈ కొత్త నంది పోయే చోటు ఒక్కటే ఉంది. పాతది లేచిపోయిన చోట, ఊరివాళ్లు కనిపెట్టకుండా, అదే చెవితో, అదే వీపు నునుపుతో, తోక దగ్గర అదే గీతతో కూచోవాలి. అందుకే అంత కచ్చితమైన కొలతలు. దినేశ్ చెప్పని సగం అదన్నమాట.

టీ అక్కడే వదిలేసి లేచాడు. షెడ్డుకొచ్చి పేపరు మహబూబ్ ముందు పడేశాడు.

"చదువు."

మహబూబ్ చదివాడు. కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. అది చూసేసరికి మద్దిలేటికి ఒళ్లు మండింది.

"నీకు ముందే తెల్సు. నిన్న యాడికి పోయినావ్? దినేశ్ దగ్గరికేనా?"

"కాదన్నా."

"మరి గౌసియా జ్వరంతో వంకాయలు కొంటాండాదా?"

మహబూబ్ తల వంచుకున్నాడు. "పని చేసిచ్చేద్దామన్నా. లేకుంటే వద్దని చెప్పేద్దాం. ఆ ఊరికి మాత్రం నువ్వు పోవద్దు."

"ఏ ఊరికి?"

నోరు జారినట్టు మహబూబ్‌కు అప్పుడర్థమైంది. వెంటనే మిషన్ ఆన్ చేశాడు. ఇరవై ఏళ్లుగా ఒకే డబ్బాలో అన్నం పంచుకుని తిన్న మనిషి తన ముందు దొంగలా నిలబడటం మద్దిలేటికి చెప్పలేనంత కష్టంగా ఉంది.

ఏ ఊరో తెలుసుకోవడం అంత కష్టం కాలేదు. ఒక ఫోటో మూలన సిమెంటు నీళ్ల ట్యాంకు ఉంది, దాని మీద నీలిరంగులో 'దొర్నిపాడు మం' వరకు కనబడుతోంది. శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి దొర్నిపాడులో దిగి, ఆటోవాడికి ఫోటో చూపించాడు.

"చెవిటి బసవన్న గదా! ఎక్కన్నా," అన్నాడు వాడు.

ఊరి బయట మినప చేను గట్టున నాలుగు రాళ్లు పేర్చి కట్టిన అరుగు, దాని మీద నంది. పైన కప్పు లేదు. వీపు నూనెతో మెరుస్తోంది. ఒక ముసలామె, పేరు దేవమ్మట, చీపురుతో అరుగు ఊడుస్తోంది. మద్దిలేటిని కిందికీ మీదికీ చూసింది.

"ఎవురు నువ్వు? ఫోటోలు తీసేకొచ్చినావా?"

"లేదవ్వా. ఆళ్లగడ్డ. రాతిపని చేస్తా. చూసిపోదామని."

"మొన్ననే ఒక సాయిబు వచ్చినాడు ఆళ్లగడ్డ నుంచే. బసవన్నను ఎత్తుకపోయేకి ఎవురో చూస్తాండారు, ఊరోళ్లకు చెప్పి కాపలా పెట్టుకోండవ్వా అని చెప్పి పాయె. నువ్వు ఆ ఎత్తుకపోయేటోళ్ల మనిషివి కాదు గదా?"

మద్దిలేటికి మొహం చెల్లలేదు. మహబూబ్ పోయింది ఇక్కడికన్నమాట. వాణ్ణి దొంగను చేసి రెండు రోజులు మొహం తిప్పుకున్నాడు తను.

"కాదవ్వా. ఆ సాయిబు మా వాడే," అన్నాడు.

ఆమె నమ్మిందో లేదో గానీ చీపురు పక్కన పెట్టింది. మద్దిలేటి చెప్పులు విప్పి అరుగెక్కాడు. పాత రాయి కళ్లారా చూద్దామనే వచ్చాడు, ఐదొందల ఏళ్ల నాటి పనివాడి చెయ్యి ఎట్లా నడిచిందో చూద్దామని. విరిగిన చెవి మీద వేలు పెట్టాడు. పడి విరిగిన రాతికి అంచు పెచ్చులుగా లేస్తుంది. దీనికి అంచు కింద, నూనె జిడ్డు గీకి చూస్తే, సన్నటి తెల్ల మచ్చ ఉంది. ఉలి ఆనించి కొడితేనే రాయి అట్లా కందుతుంది. దీన్నెవరో కావాలని విరిచారు.

అరుగు మీద పక్కకు పడుకుని, మడిచిన కాళ్ల సందులోంచి నంది పొట్ట కింద, చేతులూ నూనే సోకని చోట చూశాడు. ఉలి దెబ్బలు ఇంకా తేటగా ఉన్నాయి. అవి వాలాల్సిన వైపు వాలలేదు. కుడిచేత్తో సుత్తి పట్టినవాడి దెబ్బలన్నీ ఒక పక్కకు వాలతాయి. ఇవి రెండో పక్కకు వాలి ఉన్నాయి, చివర ప్రతి దెబ్బకూ చిన్న కొక్కెం తిరిగి. ఆ కొక్కెం మద్దిలేటి చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. ఆళ్లగడ్డ షెడ్ల వరస మొత్తంలో ఎడమచేతి వాటం శిల్పి ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరే షెడ్డు బోర్డు మీద ఉంది.

లేచి కూచుని, నూనె అంటిన వేళ్ల వైపే చూస్తున్నాడు.

"ఏమైంది నాయనా? నీళ్లు తాగుతావా?" అంది దేవమ్మ.

"అవ్వా, ఈడికి ఎడంచేతి ఆయప్ప ఒకాయన వచ్చేటోడా, ముందట్లో?"

"నీకెట్ల తెల్సు?" ఆమె ఆశ్చర్యపోయింది. "వచ్చేటోడు. ఏటా ఒకతూరి. ఎడంచేత్తో నూనె పూస్తాంటే మా అత్త తిట్టేది, దేవుడికి ఎడంచెయ్యేందిరా అని. ఆయప్ప పలికేటోడు కాదు. అందరూ పోయేదాకా కూచుని, ఇదో, ఈ చెవిలో ఏందో చెప్పుకునేటోడు. చెప్తా చెప్తా ఏడ్చేటోడు. ఈ మధ్య రాల్యా. పోయినట్టుండాడు."

"పోయినాడవ్వా."

"మేమంతా ఈ చెవిలోనే చెప్పుకుంటాం. ఇనపడని చెవి గదా, ఏమన్నా చెప్పుకోవచ్చు. ఎవురికీ చెప్పడు," అని ఆమె బోసినోటితో నవ్వింది. నిన్న కోడలికి కాన్పు కష్టమైతే వచ్చి ఈ చెవిలోనే మొత్తుకుందట. తల్లీబిడ్డా బాగున్నారట.

మద్దిలేటి ఆమె మొహం చూడలేకపోయాడు. నంది వీపు మీద నునుపు మాత్రం అబద్ధం కాదు. అది ఏ పాలిష్‌తోనూ వచ్చింది కాదు, ఏళ్ల తరబడి చేతులు నిమిరితే వచ్చింది.

సాయంత్రం షెడ్డులో మహబూబ్ మిషన్ ఆపి చేతులు కడుక్కుంటున్నాడు. మద్దిలేటి పోయి అతని పక్కన రాతిదిమ్మ మీద కూచున్నాడు.

"చూసొచ్చినా," అన్నాడు.

మహబూబ్‌కు ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. తువ్వాలుతో మొహం అదేపనిగా తుడుచుకున్నాడు.

"మా అబ్బా చెప్పినాడన్నా, పోయే ముందర. నలభై ఏండ్ల కిందట జీపులో ఎవురో ఇద్దరొచ్చినారంట. ఆఫీసులో పెట్టేకి, విరిగిన చెవితో సహా అచ్చం నకలు కావాలన్నారంట. మీ నాయన నమ్మినాడు. చెక్కినాంక, పాలిష్ పట్టినాంక, అదే ఊర్లో అదే అరుగు మీద కూచోబెట్టినారని తెల్సింది. అప్పుడు నోరు తెరిచి చెప్పల్ల. చెప్పలేకపాయ. మా అబ్బా కూడా చెప్పలా. అసలుది ఏ దేశానికి పాయనో."

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పల్ల? రోజూ ఆ బోర్డుకు దండం పెట్టి ఉలి పడతావ్."

పగిలిన రాయి షెడ్డులోకి రానివ్వని పట్టు ఎక్కడిదో మద్దిలేటికి ఇప్పుడర్థమైంది. తండ్రి మీద కోపం రావాలి. వచ్చింది. దాని వెనకే, ఎవరూ లేనప్పుడు చెవిటి బసవన్న ముందు ఏడ్చే ముసలాయన కళ్ల ముందుకొచ్చి ఆ కోపాన్ని నిలవనివ్వలేదు.

"మనం చెక్కకుంటే ఇంకోడు చెక్కుతాడు," అన్నాడు మహబూబ్. "పోలీసులకు చెబ్దామంటే దొంగతనం ఇంకా జరగలా. ఊరోళ్లు ఎన్ని దినాలని కాపలా ఉంటారు?"

"ఆయమ్మకు కావాల్సింది ఐదొందల ఏండ్ల రాయి. అది కాదని తెలిస్తే ముట్టుకోదు."

"అట్ల చెప్పల్లంటే మీ నాయన పేరు చెప్పల్ల."

"చెప్పల్ల."

"దినేశ్ నోట్లో పడితే సాయంత్రానికి ఈ వరసంతా తెలుస్తాదన్నా. కొండయ్య దొంగనందులు చెక్కినాడంటారు. రేపు గుడి పని అడిగేకి ఎవురొస్తారు మన షెడ్డుకు?"

మూలనున్న నంది, మొద్దు చెవులు రెండూ నిక్కబొడుచుకుని, వాళ్లనే చూస్తున్నట్టుంది.

శనివారం ఇద్దరూ కలిసి నంద్యాల పోయారు. దినేశ్ దుకాణంలో ఏసీ చల్లగా ఉంది. నేల మీద టైల్సు ఎంత మెరుస్తున్నాయంటే మద్దిలేటి చెప్పులు బయటే విడిచి వచ్చాడు. షాలిని బల్ల ముందు కూచుని ఉంది. బల్ల మీద గాజు మేడ నమూనా, మోచేతి ఎత్తు, లోపల చిన్న చిన్న దీపాలతో.

"పని ఎంతవరకొచ్చింది?" అడిగింది.

"ఆపేసినానమ్మా. మీరు ఆ పాతది ఎత్తకపోయి నాది ఆడ పెడతారని తెల్సింది."

దినేశ్ గభాల్న లేచి అద్దాల తలుపు మూశాడు. షాలిని మాత్రం తొణకలేదు.

"ఎండకూ వానకూ పాడైపోతోంది మద్దిలేటిగారూ. మేం దాన్ని కాపాడుతున్నాం. ఊరికి కొత్తది వస్తుంది. వాళ్లకు తేడా ఏముంది? దండం పెట్టుకోవడానికి ఏదైనా ఒకటే కదా."

ఆమె చెప్పిన దాంట్లో సగం నిజమే, దేవమ్మకు తేడా తెలియలేదు. తెలియకపోవడమే కదా అన్యాయం! మద్దిలేటి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూచున్నాడు.

"ఆడుండేది పాతది కాదమ్మా. మా నాయన చెక్కింది. కొండయ్య. నలభై ఏండ్ల కిందట. అప్పుడే ఎవురో అసలుది ఎత్తకపోయి, మా నాయన చెక్కింది పెట్టినారు."

ఆ మాటలు ఎట్లా బయటికొచ్చాయో అతనికే తెలియదు. దినేశ్ అతన్ని కొత్తగా చూస్తున్నాడు, లోపల నవ్వుకుంటున్నట్టుగా కూడా.

"మా నిపుణుడు ఫోటో చూసి ఐదు వందల ఏళ్లదన్నాడు," అంది షాలిని.

"ఫోటోలో పొట్ట కింద కనపడదు గదమ్మా. మా నాయన ఎడంచేతి మనిషి. ఉలి దెబ్బలన్నీ ఎడంచేతివే. చెవి కూడా పడి విరిగింది కాదు, ఉలితో విరిచింది. ఎవుర్నన్నా పంపి చూపించుకోండి."

ఆమె కాసేపు ఫోటో వైపు చూసి, దాన్ని కవర్లో తోసేసింది. అంతసేపూ అరచేతి కింద భద్రంగా పెట్టుకున్న ఫోటోను పనికిరాని చీటీలా తోసెయ్యడం మద్దిలేటి గమనించాడు. బసవన్న బతికాడు. వాళ్ల నాయన పేరు పోతే పోయింది, పని అయిపోయిందనుకుని లేవబోయాడు.

"దినేశ్‌గారూ, జూపాడు బంగ్లా వైపు ఇంకొకటి ఉందన్నారు కదా, మోకాలు విరిగింది? ప్రకటన ఇచ్చేశాం, ఏదో ఒకటి కావాలి నాకు," అంది షాలిని.

మద్దిలేటి మళ్లీ కూచున్నాడు. ఇది అతను ఊహించనిది. ఆ నందిని అతను ఎప్పుడూ చూడలేదు. దాని వీపు ఎవరు నిమురుతారో, ఏ ముసలామె అరుగు ఊడుస్తుందో తెలియదు.

"మోకాలు విరిగిందా?" అన్నాడు. "అదీ మా నాయనే."

"ఏందీ?" అన్నాడు దినేశ్.

"అదీ మా నాయన చెక్కిందే దినేశ్. మోకాలు విరిచేకి రెండు దినాలు పట్టింది."

షాలిని కనుబొమలు ముడిపడ్డాయి. దినేశ్ గొంతు తగ్గింది. "పాణ్యం అవతల కొమ్ములు లేనిదుంది గదా?"

"మా నాయనే."

"అది గుడి గోడలో కూచోనుండాది గదప్పా!"

"గోడ కట్టినోడు వేరే. నంది మా నాయనది."

"మొత్తం ఎన్ని చేశాడు మీ నాన్న?" అంది షాలిని.

"చెప్పలేనమ్మా. ఆ కాలంలో అడిగేటోళ్లు కూడా అట్లే ఉన్నారు, మీ మాదిరే."

"మరి ఈ జిల్లాలో ఏది అసలైందో ఎలా తెలుస్తుంది?"

"చెక్కినోడికే తెల్సు. ఆయన లేడు."

ఆమె మద్దిలేటిని చూసింది, తర్వాత మహబూబ్‌ను చూసింది. వారమంతా మద్దిలేటి మహబూబ్‌ను చూసిన చూపే అది. ఏ మాట నమ్మాలో తెలియక, నమ్మకపోతే ఏమవుతుందో కూడా తెలియక చూసే చూపు.

"ఇతను చెప్పేది నిజమేనా?" అని మహబూబ్‌ను అడిగింది.

నిజాన్ని అన్నేళ్లు కడుపులో దాచుకున్న మనిషి అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"అన్నిటికీ పాలిష్ మా అబ్బాదే మేడం," అన్నాడు.

షాలిని మేడ నమూనా కింద వైరు పీకేసింది. లోపలి దీపాలు ఆరిపోయాయి. ఎవరికో ఫోన్ చేస్తూ లోపలి గదిలోకి పోయింది. ఈ వైపు రాళ్లేవీ నమ్మడానికి లేదని, ప్రకటన మార్చమని ఆమె చెప్పడం బయటికి వినబడింది.

ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. ఆళ్లగడ్డ బస్సు ఇంకా రాలేదు. మద్దిలేటి బెంచీ మీద కూచున్నాడు. మహబూబ్ రెండు టీలు తెచ్చి ఒకటి అతని చేతిలో పెట్టాడు.

"ఒక్క పూటలో ఎన్ని చెక్కించినావన్నా మీ నాయనతో!"

మద్దిలేటికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఈపాటికి దినేశ్ మన వరసలో అందరికీ ఫోన్లు చేసుంటాడు," అన్నాడు మహబూబ్. "బోర్డు దించల్లా?"

మద్దిలేటి టీ చివరి గుక్క తాగి గ్లాసు బెంచీ కింద పెట్టాడు. బస్సు మలుపు తిరుగుతూ కనబడింది.

"ఎందుకు దించేది? ఉండనీ," అన్నాడు లేస్తూ. "ఈ జిల్లాలో అన్ని నందులు చెక్కినోడు ఇంకెవురుండారు?"